‘మూడో రాత్రికి అలవాటైపోతుంది కదన్నా?’: సెల్ఫ్ సపోర్టెడ్ రేసుల మీద అపోహలు, వాస్తవాలు

గత నెల ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. వచ్చే ఏడాది యూరప్‌ని అడ్డంగా దాటే ట్రాన్స్‌కాంటినెంటల్ సైకిల్ రేసుకి అప్లై చేస్తున్నాడట. అది సెల్ఫ్ సపోర్టెడ్ రేసు, అంటే వెంట జట్టు లేకుండా తిండి, నిద్ర అన్నీ ఎవరివి వాళ్లే చూసుకుంటూ రోజుల తరబడి తొక్కాలి. “అన్నా, నెలకోసారి శుక్రవారం పొద్దున లేచి ఆదివారం పొద్దుటి దాకా పడుకోకుండా ఉంటున్నా. మొదటిసారి నరకం కనబడింది, ఇప్పుడు పర్లేదు. రేసులో మూడో రాత్రికి ఒంటికి అలవాటైపోతుంది కదా?”

ఇదే ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పదకొండేళ్లుగా బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్లు, తొక్కుతున్నాను. ఆరేళ్లుగా 400, 600 కిలోమీటర్ల బ్రెవేలకు రాత్రి కంట్రోల్ (దారిలో ఆగి హాజరు వేయించుకునే చోటు) దగ్గర కూర్చుని కార్డుల మీద ముద్రలు వేస్తున్నాను. బయటి దేశాల రేసులకు వెళ్లే మనవాళ్లు కొందరికి ప్లాన్ వేసుకోవడంలో సాయం చేస్తున్నాను. టైర్ల గురించి అడుగుతారు, బ్యాగుల గురించి అడుగుతారు, గేర్ రేషియో మీద గంటసేపు మాట్లాడతారు. నిద్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: మనసు గట్టిగా ఉండాలి, సాధన చెయ్యాలి, అంతే.

అపోహ: నిద్ర లేకుండా ఉండడం సాధన చేస్తే వస్తుంది

రాదు. ఎన్ని నెలలు చేసినా రాదు. సాధనతో మారేది ఒక్కటే, మన మత్తు మనకు తెలియడం తగ్గిపోతుంది. 2003లో వచ్చిన ఒక ప్రయోగంలో కొందరిని రెండు వారాల పాటు రోజుకి ఆరు గంటలో, అంతకన్నా తక్కువో మాత్రమే పడుకోనిచ్చారు. ఆఖరికి వాళ్ల చురుకుదనం రెండు రాత్రుల దాకా అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. “నిద్ర వస్తోందా?” అని అడిగితే “కొంచెం” అన్నారు. ఆ తమ్ముడు “ఇప్పుడు పర్లేదు” అంటున్నది ఈ ‘కొంచెం’ గురించే.

ఇంకో లెక్క చూడండి. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానం. ఇరవై నాలుగు గంటలైతే దాదాపు 0.10 శాతం. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. ఉదయం ఆరింటికి మొదలైన 600 బ్రెవేలో రాత్రి పదకొండు దాటాక తొక్కుతున్న ప్రతివాడూ, నాతో సహా, ఆ హద్దు దాటినవాడే. తాగి సైకిల్ ఎక్కే మనిషిని మనం ఆపుతాం. నిద్ర లేనివాణ్ని చూసి “శభాష్ రా” అంటున్నాం.

నాకు ఇది బోధపడింది డోన్ దగ్గర. హైదరాబాద్ నుంచి గుత్తి దాకా వెళ్లి వెనక్కి రావాల్సిన 600 అది. గుత్తిలో రాత్రి పన్నెండున్నరకు టీ తాగుతూ పక్కవాడితో “ఫ్రెష్‌గా ఉన్నాను, నేరుగా కర్నూలులోనే ఆగుదాం” అన్నాను. ఆ మాట నిజమేననుకుని అన్నాను. తెల్లవారుజామున నాలుగవుతుండగా ముందు చక్రం రోడ్డు అంచు దిగి కంకరలో పడింది. ఒళ్లు ఝల్లుమంది. కళ్లెత్తి చూస్తే పది పదిహేను మీటర్ల దూరంలో ఒక లారీ ఆగి ఉంది, వెనక ఒక్క లైటూ లేదు. దానికి ముందు ఎంత దూరం వచ్చానో, ఏ ఊరు దాటానో ఈరోజుకీ గుర్తు లేదు. కంకర తగలకపోయి ఉంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాణ్ని కాను.

అది రెప్పపాటు కునుకు. మూడు సెకన్లు చాలు. గంటకి 35 కిలోమీటర్ల వేగంతో దిగుడులో వెళ్తుంటే మూడు సెకన్లలో దాదాపు 29 మీటర్లు దాటేస్తాం. కళ్లు తెరిచే ఉండి కూడా మెదడు ఆగిపోవచ్చు. అందుకే పక్కన తొక్కేవాడికి కూడా తెలియదు.

“రామ్‌లో గెలిచినవాళ్లు పడుకోరు కదా?”

ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. రామ్ అంటే రేస్ అక్రాస్ అమెరికా. అందులో తొక్కేవాడి వెనకే కారు ఉంటుంది. ఆ కారులో జట్టు ఉంటుంది. వాళ్లు చెవిలో మాట్లాడుతుంటారు, తిండి అందిస్తుంటారు, తూగితే ఆపుతారు. సెల్ఫ్ సపోర్టెడ్ అంటే ఆ కారు లేదు, ఆ గొంతు లేదు. నువ్వు తూగుతున్నావని చెప్పేవాడే లేడు. ఆ వీడియోలు చూసి ఈ రేసుకి నిద్ర లెక్క వేసుకోవడం, ఈతగాడి పక్కన పడవ వెళ్తున్న సంగతి చూడకుండా సముద్రంలో దూకడమే.

2019 ట్రాన్స్‌కాంటినెంటల్ గెలిచిన ఫియోనా కోల్బింగర్‌ని చూడండి. బల్గేరియాలోని బుర్గాస్ నుంచి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ దాకా దాదాపు 4,000 కిలోమీటర్లు, పది రోజుల రెండు గంటల చిల్లర. మగవాళ్లందరినీ దాటి మొదట చేరింది. రాత్రికి సుమారు నాలుగు గంటలు పడుకుంది. ఆవిడ వైద్యురాలు కూడా.

లెక్కలు ఇష్టపడేవాళ్లకి లెక్కలోనే చెప్తాను. గంటన్నర పడుకుంటే గంటకి 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడు 30 కిలోమీటర్లు పోగొట్టుకుంటాడు. పడుకోకుండా మొండికేస్తే తెల్లారి ఆరు గంటల పాటు 14 వేగంతో ఈడుస్తాడు. అక్కడ 36 పోయాయి. పైగా దారి తప్పుతాడు, కంట్రోల్ దగ్గర గ్లవ్స్ మర్చిపోతాడు, టీ కొట్టు ముందు ఊరికే నిలబడి పావుగంట పోగొడతాడు. రాత్రి కంట్రోల్ బల్ల వెనక కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నా, ఇవన్నీ కళ్లారా చూస్తుంటాను.

రెండేళ్ల కిందట రాత్రి రెండింటికి ఒక అమ్మాయి వచ్చింది. మొదటి 600. కార్డు ఇస్తూ చెయ్యి వణుకుతోంది. “సార్, ఇక్కడ పడుకుంటే అందరూ ఏమనుకుంటారు?” అంది. ఏమీ అనుకోరమ్మా, పడుకో అని చాప చూపించాను. గంటన్నరకు లేపాను. 40 గంటల కట్-ఆఫ్‌కి యాభై నిమిషాల ముందు పూర్తి చేసింది. ఆ రాత్రి ఆమెని వెంటాడింది నిద్రకంటే ఎక్కువగా పరువు. మన గ్రూపుల్లో ‘నాన్ స్టాప్’ అన్న మాటకి చప్పట్లు కొట్టడం మానేస్తే ఇలాంటి ప్రశ్న అడగాల్సిన అవసరం ఎవరికీ రాదు.

మరి సాధన చెయ్యాల్సింది ఏమిటి? మేలుకోవడం కాదు, పడుకోవడం. ఎక్కడపడితే అక్కడ, ఇరవై నిమిషాల కునుకు తీయడం నేర్చుకోవచ్చు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని ఊరికే అనలేదు. ఆ రోజు డోన్ దాటాక ధాబా నులక మంచం మీద దోమల మధ్య పడుకున్న నలభై నిమిషాలంత మంచి నిద్ర నాకు ఇంట్లో పరుపు మీద కూడా పట్టలేదు. యూరప్‌లో మనవాళ్లు బస్ షెల్టర్లలో, ఏటీఎం గదుల్లో పడుకుంటారు. మన హైవే మీద పెట్రోలు బంకులున్నాయి. అడిగితే చాలాచోట్ల కాదనరు.

రేసుకి ముందు వారం రోజూ ఒక గంట ఎక్కువ పడుకోండి, అది నిజంగా పనికొస్తుంది. రాత్రి పదింటికి స్టార్ట్ ఉంటే (కొన్నేళ్లు ట్రాన్స్‌కాంటినెంటల్ బెల్జియంలో అలాగే మొదలైంది) మధ్యాహ్నం పడుకోకుండా లైన్ దగ్గరికి వెళ్లకండి. ఒళ్లు బాగా పడిపోయేది రాత్రి రెండు నుంచి తెల్లవారుజామున ఐదు, ఆరు దాకా. ఆగాలనుకుంటే అప్పుడే ఆగండి. కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటే లేచేసరికి కాఫీ పని మొదలుపెడుతుంది. లేచీ లేవగానే దిగుడులోకి వెళ్లకండి. మెదడుకి మత్తు వదలడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది, అంతసేపు చదునులో మెల్లగా తొక్కండి.

ఇక ఆగిపోవాల్సిన గుర్తులు. దాటిన కిలోమీటరు గుర్తు రాకపోవడం. తర్వాతి కంట్రోల్‌కి ఎంత దూరమో తీసివేత చేయలేకపోవడం. చెట్టు మనిషిలా కనబడడం. ఈ మూడింటిలో ఒక్కటి జరిగినా “ముందు ఊళ్లో ఆగుదాం” అనుకోకండి. ఆ నిర్ణయం తీసుకుంటున్నది కూడా తూగుతున్న మెదడే. అక్కడే, రోడ్డుకి బాగా దూరంగా జరిగి, పడుకోండి.

ఇంతగా ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, 2017 ఇంకా మర్చిపోలేదు. ఆ ఒక్క ఏడాదిలో ఈ తరహా రేసుల్లో ముగ్గురు వాహనాలు గుద్ది పోయారు. మార్చి 31 తెల్లవారకముందు ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గర మైక్ హాల్, ట్రాన్స్‌కాంటినెంటల్‌ని మొదలుపెట్టిన మనిషే. జూన్‌లో అమెరికాలో ట్రాన్స్ యామ్ రేసు తొక్కుతున్న మరొకరు. జూలైలో ట్రాన్స్‌కాంటినెంటల్ మొదటి రాత్రే బెల్జియంలో ఇంకొకరు. వాళ్లు నిద్రమత్తులో ఉన్నారని నేను అనడం లేదు. బండి నడిపేవాడి తప్పుని మనం ఆపలేం. ఆపలేం కాబట్టే మన దగ్గరున్న కాస్త చురుకుదనాన్ని చేజేతులా పారేసుకోకూడదు.

ట్రాకర్ ఉందిగా, ఏమైనా అయితే వచ్చి తీసుకెళ్తారు

రారు. మ్యాప్ మీద మీ చుక్క ఎక్కడుందో చూపించడమే దాని పని. నిర్వాహకులు రక్షణ దళం కాదు. యూరప్‌లోనైనా, మన దగ్గరైనా 112కి ఫోన్ కొట్టాల్సింది మీరే, లేదా మిమ్మల్ని చూసినవాళ్లు. అందుకే పేరు, రక్తం గ్రూపు, అలర్జీలు, ఇంటి నంబరు రాసిన కార్డు హెల్మెట్‌లోనూ, హ్యాండిల్ బార్ బ్యాగులోనూ పెట్టుకోండి. లాక్ పడిన ఫోన్‌లో ఉన్న సమాచారం చాలాసార్లు ఎవరికీ అందదు.

ఎస్ఓఎస్ నొక్కే ఉపగ్రహ పరికరం సొంతంగా కొనుక్కుని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. అనుమతి లేకుండా అలాంటిది మన దేశంలో వెంట ఉంచుకోవడం నేరం. అది బ్యాగులో దొరికి విమానాశ్రయాల్లో విదేశీయుల్ని అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. తిరిగొచ్చేటప్పుడు తేవద్దు.

ఇళ్లలో ఉండేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఒకసారి రాత్రి మూడింటికి కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “సార్, మా పిలగాని చుక్క మూడు గంటల సంది కదుల్తలేదు” అన్నారు, గొంతు పూడుకుపోయింది. కొడుకు అప్పుడు బాల్కన్ కొండల్లో ఉన్నాడు. పడుకుని ఉంటాడు పెద్దనాన్నా అన్నాను. అంటూనే ఉన్నాను గానీ నాకూ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. ఒక బస్ షెల్టర్ రేకుల కింద నిద్రపోతున్నాడు ఆ అబ్బాయి. తప్పు ఆ తండ్రిది కాదు. “చుక్క ఇన్ని గంటలు ఆగినా కంగారు పడొద్దు, అంతకు మించితే ఈ నంబరుకి చెయ్యండి” అని బయల్దేరే ముందు కాగితం మీద రాసి ఇవ్వాల్సింది కొడుకు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

నీళ్లు ఎంత తాగితే అంత మంచిదనేది తప్పు. దాహానికి తగినట్టు తాగండి. గంటగంటకీ బలవంతంగా మామూలు నీళ్లు పోసుకుంటే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. అది వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగించేవాళ్లని చూశాను. ఉప్పు బిళ్లలు వేసుకున్నంత మాత్రాన అతిగా తాగిన నీళ్లకు అవి విరుగుడు కావు.

మోకాలి నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రోజూ మింగుతూ తొక్కడం కిడ్నీలతో ఆట. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడైతే మరీ. సీటు ఎత్తు సరిచూడండి.

ఫిట్‌నెస్ ఉంటే ఎత్తు ప్రదేశాలు ఏమీ చెయ్యవు అనుకుని కిర్గిజ్‌స్తాన్‌లో సిల్క్ రోడ్ మౌంటెన్ రేసుకి వెళ్లకండి. అక్కడి కనుమలు 3,500 మీటర్లు దాటుతాయి. కొండజబ్బు కాళ్ల బలం చూడదు. నాలుగైదు రోజులు ముందే చేరి అలవాటు పడండి. దీనికి మాత్రం ఒళ్లు నిజంగానే అలవాటు పడుతుంది.

కుక్క వెంటపడితే స్పీడు పెంచడం కన్నా, వీలైతే దిగి సైకిల్‌ని మధ్యలో పెట్టుకోవడం మేలు. కరిస్తే గీత పడినంతేనని వదిలేయొద్దు. పదిహేను నిమిషాలు సబ్బు పెట్టి పారే నీళ్లలో కడిగి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. రేసు తర్వాతి సంగతి. ముందే రేబిస్ టీకా వేయించుకున్నవాళ్లకి కరిచాక వేసే డోసులు తగ్గుతాయి, డాక్టరుని అడగండి.

ఇన్సూరెన్స్ ఉంది అంటారు. పాలసీలో ‘రేసు’, ‘పోటీ’ అన్న పదాలు మినహాయింపుల్లో ఉన్నాయేమో చూశారా? నాకు తెలిసిన ఒకాయన కాలర్ బోన్ విరిగి, వేరే దేశంలో బిల్లంతా సొంత జేబులోంచి కట్టాడు. పోటీ అన్న ఒక్క మాటకే క్లెయిమ్ తిప్పికొట్టారు.

మొదటి కబురు పెట్టిన తమ్ముడితో ఆ రాత్రి గంటసేపు మాట్లాడాను. భయపడుతున్నాడు పాపం. భయం వల్లే ఆ మేలుకునే సాధన మొదలుపెట్టాడు, ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యం కోసం. అది మానేసి ప్లాన్ షీట్ పంపమన్నాను. మొన్న ఆదివారం పంపాడు. దూరం, ఎక్కుడు, తిండి, నీళ్లు, ఛార్జింగ్ అన్నీ వరుసగా ఉన్నాయి. చివర కొత్తగా ఒక కాలమ్ చేర్చాడు, ‘నిద్ర’ అని. మొదటి రాత్రికి ఎదురుగా సున్నా ఉంది. దాన్ని మూడు గంటలుగా మార్చి వెనక్కి పంపాను. “సరే అన్నా” అని జవాబొచ్చింది.