ఒక కణం పోతే బిడ్డకి చెయ్యి పోతుందా?

“ఒక కణం పోయిందన్నారు... బిడ్డకి చెయ్యో కాలో తక్కువవుతుందా మేడం?” శ్రీకాకుళం వైపు నుంచి కోడల్ని తీసుకొచ్చిన ఒక అత్తగారు అడిగింది. నేను వైజాగ్‌లో ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్‌ని, అంటే పిండాల్ని పెంచి చూసుకునేదాన్ని. ఫ్రీజింగ్ నుంచి తీసిన నాలుగు కణాల పిండంలో ఒకటి చితికిపోయిందని చెప్పాను, అంతే.

అపోహ: ఏ కణం ఏ అవయవం అవుతుందో మొదటి రోజే రాసిపెట్టి ఉంటుంది.

వాస్తవం: అప్పటికి చెయ్యీ లేదు, కాలూ లేదు. 1959లో పోలండ్ శాస్త్రవేత్త తార్కోవ్‌స్కీ రెండు కణాల ఎలుక పిండంలో ఒక కణాన్ని చంపేశాడు. మిగిలిన ఒక్కదాంతోనే ఎలుకపిల్ల పుట్టింది. 1961లో ఉల్టా చేశాడు: రెండు పిండాల్ని అతికించాడు. రెండు తలలేం రాలేదు, ఒకే ఎలుకగా ఎదిగాయి.

ఎలాగంటే, మనిషి పిండంలో నాలుగో రోజుకి కణాలు ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకుంటాయి. మైక్రోస్కోప్‌లో గీతలు కూడా కనబడవు, లెక్కపెట్టడం మా వల్ల కాదు. ఆ తర్వాత బయటివైపు ఉండిపోయినవి మాయ (ప్లాసెంటా) వైపు వెళ్తాయి, లోపల చిక్కినవాటి నుంచి బిడ్డ. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కినట్టే: ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డవాడికే అందరి సంచులూ అందించే పని పడుతుంది. కొంతకాలం వరకూ చోటు మారితే పనీ మారుతుంది. అలాగని అన్ని కణాలూ సమానమనీ కాదు. రెండు కణాల దశలోనే ఒకదాని వాటా బిడ్డలో ఎక్కువని 2024లో మనిషి పిండాల మీద చేసిన పరిశోధనలో తేలింది.

అపోహ: ‘మొజాయిక్’ (కొన్ని కణాల్లో క్రోమోజోములు సరిగ్గా, కొన్నిట్లో తేడాగా ఉన్నాయి) అని రిపోర్టొస్తే ఆ పిండం పనికిరాదు.

వాస్తవం: ఆ క్రోమోజోముల టెస్టుకి తీసేది మాయ అయ్యే పొర నుంచి ఐదారు కణాలు. లోపల ఏముందో అది పూర్తిగా చెప్పదు. ఇటలీలో అలాంటి పిండాలు పెట్టిన 18 మందిలో ఆరుగురికి ఆరోగ్యమైన బిడ్డలు పుట్టారని 2015లో ప్రచురించారు. ఎలుకల్లోనైతే, లోపల తేడా ఉన్న కణాలు చాలావరకు వాటంతటవే చనిపోతాయి. అయినా పెట్టాలా వద్దా అన్నది రిపోర్టు ముందేసుకుని డాక్టరుతో మాట్లాడాల్సిందే.

అపోహ: అన్నీ మారేవే అయితే ఆడ, మగ కూడా మార్చొచ్చు.

వాస్తవం: అది వీర్యకణం లోపలికెళ్లినప్పుడే తేలిపోతుంది. చెప్పమని మమ్మల్ని అడగొద్దు, 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం.

ఆ అత్తగారికి ఒకటే చెప్పాను: గర్భం నిలిచే చాన్సు కాస్త తగ్గొచ్చు, అవయవం మాత్రం తగ్గదు. మర్నాటికి ఆ మూడు కణాలూ ఆరయ్యాయి. ఫొటో చూపిస్తే స్క్రీన్ మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.