గుడిని కొలిచే ఏఐ: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాలను త్రీడీలో రికార్డు చేయడం నా పని. లేజర్ స్కానర్, కెమెరా ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇప్పుడు ఏఐ కూడా తోడైంది. ఏ ఊరికి వెళ్లినా జనం అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. వాటి వెనక ఉన్న కొన్ని అపోహల వల్ల కట్టడాలకే నష్టం జరుగుతుంది, అందుకే రాస్తున్నాను. మనలో చాలామంది చూసిన గుడి కాబట్టి ఎక్కువగా రామప్ప పేరే చెప్తాను.

అపోహ: ఫోన్ పట్టుకుని చుట్టూ తిరిగితే చాలు, మిగతాది ఏఐ చూసుకుంటుంది.

వాస్తవం: ఇసుకరాయి గోడ వరకు ఇది కొంత నిజమే. గరుకు రాయి మీద ప్రతి మచ్చా ఒక గుర్తు. ఒక ఫొటోలోని మచ్చను పక్క ఫొటోలోని అదే మచ్చతో జత చేసి సాఫ్ట్‌వేర్ లోతును లెక్కగడుతుంది. అందుకే పక్కపక్క ఫొటోల్లో కనీసం 60 శాతం దృశ్యం మళ్లీ కనిపించాలంటాం.

చూరు కింద నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలు, అంటే మదనికల దగ్గరికి వస్తే ఈ లెక్క తప్పుతుంది. అవి నల్లని డోలరైట్ రాతివి, చెయ్యి పెడితే జారేంత నునుపు. కెమెరా ఒక అడుగు జరిగితే రాతి మీది మెరుపు కూడా జరుగుతుంది. ఆ మెరుపునే సాఫ్ట్‌వేర్ మచ్చ అనుకుంటుంది. చివరికి త్రీడీ మోడల్‌లో నడుము దగ్గర బొడిపె, మోకాలి దగ్గర గుంత తేలతాయి. ఫ్యాక్టరీలో మిషన్ భాగాలైతే పొడి స్ప్రే చేసి మెరుపు తగ్గిస్తారు. ఎనిమిది వందల ఏళ్ల శిల్పం మీద ఆ పని చేయకూడదు. మబ్బు పట్టే దాకా ఆగాలి, లెన్స్‌కు మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ తగిలించాలి, ఓపిగ్గా మళ్లీ తీయాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే ట్రైపాడ్ పెట్టడానికి ముందే అనుమతి తీసుకోవాలి.

అపోహ: చూడ్డానికి అచ్చం గుడిలాగే ఉంటే కొలతలూ సరైనవే.

వాస్తవం: కాదు. ఫొటోల నుంచి త్రీడీ దృశ్యం తయారు చేసే, 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ పద్ధతితో చేసిన దృశ్యం చూస్తే నిజంగా మండపంలో నిలబడినట్టే ఉంటుంది. కానీ అది లక్షల రంగు చుక్కలను గాలిలో పరిచిన బొమ్మ. రాతి ఉపరితలం ఇక్కడే ఉందని అది ఖచ్చితంగా చెప్పదు. స్తంభం ఎంత ఒరిగిందో తేల్చాలంటే లేజర్ స్కాన్ లాంటి ఖచ్చితమైన కొలత కావాల్సిందే.

అపోహ: విరిగిన చేతిని ఏఐ తిరిగి తెస్తుంది.

వాస్తవం: తేదు, ఊహిస్తుంది. ఊహించడం తప్పు కాదు, ఆ సంగతి చెప్పకపోవడం తప్పు. ఏది ఆధారం ఉన్నది, ఏది ఊహ అన్నది చూసేవాళ్లకు తెలియాలని, పాత కట్టడాలను కంప్యూటర్‌లో చూపించే పనికి మార్గదర్శకాలైన లండన్ చార్టర్ 2006లోనే చెప్పింది. మేము ఊహించి పెట్టిన భాగాన్ని వేరే రంగులో ఉంచుతాం. "రంగు కలిపేయండి, అందంగా ఉంటుంది" అని అడిగినా ఒప్పుకోం.

అపోహ: శిల్పాల్లో భంగిమలు ఉన్నాయి కదా, వాటిని కలిపితే ఆనాటి నాట్యం వచ్చేస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. రాతిలో ఉన్నది ఆగిన క్షణం. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు వెళ్లడానికి శరీరానికి ఎన్నో దారులు. ఏఐ వాటిలో సులువైన దారి పట్టుకుంటుంది, పాదం ఏ తాళానికి పడాలో దానికి తెలియదు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు రామప్ప శిల్పాలు ఒక్కటే చాలలేదు. గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళి కావాల్సి వచ్చింది. ఆ పైన ఏళ్ల సాధన, శిష్యుల శరీరాలు. మోడల్ ఆ సాధనకు సాయపడగలదు. భుజం ఎంత తిరిగిందో, పాదం ఏ కోణంలో ఉందో కొలిచి ఇవ్వగలదు, నర్తకులకు అది నిజంగా విలువైన సాయం.

అపోహ: మోడల్ భద్రంగా ఉంటే కట్టడానికి ఏమైనా పర్లేదు.

వాస్తవం: పారిస్‌లో నోత్రదామ్ చర్చిని కళా చరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లో లేజర్‌తో స్కాన్ చేశారు. 2019 ఏప్రిల్ 15న మంటలు రేగి పైకప్పు కాలిపోయాక ఆ స్కాన్లు ఎంతో పనికొచ్చాయి. అయినా కొత్త దూలాలను వడ్రంగులు గొడ్డళ్లతో చెక్కాల్సి వచ్చింది, 2024 డిసెంబరుకు గానీ తలుపులు తెరవలేదు. ఇక రామప్ప గుడి విమాన గోపురంలో నీళ్ల మీద తేలే ఇటుకలు, పునాదిలో ఇసుక ఉన్నాయి. ఏ కెమెరాకూ ఈ రెండూ కనిపించవు.

అపోహ: ఏఐకి మన సంస్కృతి తెలుసు.

వాస్తవం: దానికి చూపించిందే తెలుసు. యంత్రాలకు చూపు నేర్పిన ఇమేజ్‌నెట్ అనే ఫొటోల భండారాన్ని 2017లో పరిశీలిస్తే దాదాపు 45 శాతం చిత్రాలు అమెరికావి, మన దేశానివి రెండు శాతం చిల్లర.

దీని ఫలితం నేనే చూశాను. ఒక పల్లెలో చిన్న గుడిని స్కాన్ చేసి, మరకలు తీసే ఏఐ టూల్‌తో శుభ్రం చేసి, ల్యాప్‌టాప్‌లో ఊరివాళ్లకు చూపించాం. అందరూ మెచ్చుకుంటుంటే ఒక పెద్దావిడ తెర దగ్గరికి వంగి, "ఏం బాబూ, మా గడపకు పసుపేదీ?" అంది. టూల్ దాన్ని రంగు మారిన రాయిగా లెక్కేసి తుడిచేసింది. మేమూ గమనించలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. అసలు ఫొటోల నుంచి పసుపు, కుంకుమ బొట్లు మళ్లీ తెచ్చి పెట్టాం. గడపకు ఎవరు రాస్తారు, ఏ రోజున, ఎందుకు అని ఆవిడనే అడిగి రికార్డు చేశాం. ఇప్పుడు ఆ మోడల్‌లో గడప మీద నొక్కితే ఆవిడ గొంతు వినిపిస్తుంది: "శుక్రవారం పొద్దున్నే, ముగ్గు వేసినాక..."