పొద్దుపొడుపున తడబడే కన్ను

ధనుర్మాసం వచ్చిందంటే కావలి, ఒంగోలు మధ్య జాతీయ రహదారి మీద పాత తగవు మళ్లీ మొదలవుతుంది. ఉపగ్రహ చిత్రంలో పొగమంచు లేదని ఒక మాట, ముందు లారీ వెనక దీపాలే కనబడలేదని డ్రైవర్ల మాట. తగవు మూలం 2013 జులై 26న నింగికెగిరిన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్‌-3డీలో ఉంది.

అంతకుముందున్న ఉపగ్రహం కల్పన-1కు రాత్రి నేల వేడిని చూడటానికి ఒక్కటే పరారుణ (కంటికి కనబడని వేడి కిరణాల) ఛానల్ ఉండేది. నేలను అంటుకున్న మంచు దాదాపు నేలంత వెచ్చగానే ఉంటుంది కాబట్టి అందులో రెండూ ఒక్కలాగే పడేవి. ఇన్సాట్‌-3డీ 3.9 మైక్రాన్ల తరంగాన్ని పట్టే ఛానల్ తెచ్చింది. సన్నని నీటి బిందువులు ఆ తరంగం దగ్గర 10.8 మైక్రాన్ల దగ్గరకన్నా తక్కువ వేడిని వెదజల్లుతాయి. ఒకే చోటును రెండు ఛానళ్లలో కొలిచి తీసివేస్తే తేడా వచ్చిన చోట మంచో, తక్కువ ఎత్తు మేఘమో ఉన్నట్టు. 1984లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఐర్, ఆయన సహచరులు అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవాలతో చూపిన ఉపాయమే ఇది.

విస్తారంగా కమ్మే మంచుకు పద్ధతి బాగా పనికొస్తుందని వాతావరణ నిపుణులు అంటారు. గంగా మైదానంలో అది నిజమే.

మన తీరం సంగతి వేరు. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ పొద్దుపొడుపు ఆరున్నర ప్రాంతంలో. మంచు చిక్కబడేదీ ఆ వేళకే. తొలి కిరణం పడగానే బిందువులు ఎండను 3.9 దగ్గర తిప్పికొడతాయి, రాత్రంతా నమ్ముకున్న తేడా కరిగిపోయి ఆపై తలకిందులవుతుంది. ఆ సంధి వేళ చిత్రంలో మంచు మాయం. పైన పల్చని ఎత్తు మేఘం అడ్డొచ్చినా అంతే. సముద్రం మీదనుంచి వచ్చిన మేఘం రోడ్డుకు అరకిలోమీటరు పైన తేలుతున్నా, నేలమీదికి దిగినా పైనుంచి చూసే కంటికి ఒకే రంగు.

ఇక గడి, అంటే చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) సైజు. ఆ రెండు ఛానళ్లలో ఒక్కో గడి నాలుగు కిలోమీటర్లు. రొయ్యల చెరువుల మీద లేచి రోడ్డుకు అడ్డంగా పరుచుకునే మూడు నాలుగు వందల మీటర్ల మంచుపాయ అందులో కలిసిపోతుంది. 2016లో, అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్సాట్‌-3డీఆర్‌తో చిత్రాలు త్వరత్వరగా అందాయి గానీ గడి మాత్రం చిన్నదవలేదు.

చిత్రంలో ఆ గడి మామూలు నేల రంగులోనే ఉంటుంది. డ్రైవరేమో వేగం తగ్గించి, అద్దం దించి, తల బయటపెట్టి తెల్లగీత ఎటు పోతోందో చెప్పమని క్లీనరును అడుగుతుంటాడు.