బాణం 200 మీటర్లు అంటే 200 మీటర్లు కాదు: జియోక్యాషింగ్ అపోహలు - వాస్తవాలు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "సార్, మా బాబు అమెరికాలో ఫీనిక్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. శనివారం ఫ్రెండ్స్‌తో ఎడారి కొండ మీద ఏదో డబ్బా వెతకడానికి పోతాడట. కారు ఆపిన చోటు నుంచి పావు మైలే అంటున్నాడు. అంత దగ్గరైతే భయం లేదు కదా?" ఖాజాగూడ గుట్టల మీద ఆదివారాలు పిల్లలకు జియోక్యాషింగ్, అంటే ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్‌తో వెతికి పట్టుకునే ఆట, నేర్పిస్తుంటాను కాబట్టి ఈ పావు మైలు మాట నాకు కొత్త కాదు. మనుషులను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే, అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

యాప్ చూపించే దూరం మీరున్న చోటు నుంచి డబ్బా దాకా దారం లాగి పట్టినట్టు సూటిగా కొలిచిన దూరం, నడవాల్సిన దూరం కాదు. మధ్యలో లోయ ఉందో, నిట్టనిలువు రాతి గోడ ఉందో యాప్‌లో దారి చూపే బాణానికి తెలియదు. డబ్బా మీ తల మీద ఐదు వందల అడుగుల ఎత్తున ఉన్నా దానికి లెక్క లేదు. ఖాజాగూడలో కొత్తవాళ్లను ఒక బండ మీద నిలబెట్టి, నేను ముందే గుర్తుపెట్టుకున్న పాయింట్ చూపిస్తాను. ఫోన్‌లో 60 మీటర్లు. రెండు బండల సందు, తుమ్మ ముళ్లు, వెనక నుంచి చుట్టు తిరగడం, అన్నీ కలిపి చేరేసరికి ఇరవై నిమిషాలు. మన గుట్ట మీదే ఇలా ఉంటే ఫీనిక్స్ చుట్టూ ఉన్న సొనోరన్ ఎడారి కొండ సంగతి ఆలోచించండి. ఫీనిక్స్ ఊరి మధ్యలో ఉన్న క్యామెల్‌బ్యాక్ కొండకే ఎకో క్యానియన్ దారి ఒకవైపు 1.2 మైళ్లు, అందులోనే 1,200 అడుగులకు పైగా ఎక్కాలి. అది చక్కగా గుర్తులు పెట్టిన దారి. డబ్బా కోసం దారి వదిలి దిగితే ఆ గుర్తులు కూడా ఉండవు.

2019 మార్చిలో అక్కడ ఉండే మా బావమరిది దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. ఫోన్ 0.1 మైలు చూపిస్తోంది, వాడు "బావా, ఇదిగో ఇక్కడే, ఈ వాగు దాటితే అయిపోయింది" అన్నాడు. ఎండిన వాగులోకి దిగాం, అవతలి గట్టు చూస్తే చేతికి దొరికిన రాయి దొరికినట్టే ఊడి వస్తోంది. ఎలాగో సగం ఎక్కాం కానీ ఎక్కిన చోట దిగడం రాలేదు. వాడి పిక్కకు చోయా అనే కాక్టస్ ముళ్ల ముద్ద అంటుకుంది, చేత్తో లాగితే చేతికీ అంటుకుంటుంది కాబట్టి దువ్వెన పెట్టి ఎగరగొట్టాను. నీళ్లు సగం కన్నా తక్కువ ఉన్నాయని చూసి, డబ్బా 250 అడుగుల్లో ఉండగానే వెనక్కి తిరిగాం. రాత్రి యాప్‌లో పాత లాగ్‌లు, అంటే ముందు వెతికినవాళ్లు రాసిన మాటలు, చదివితే తెలిసింది, అందరూ ఎక్కింది అవతలి శిఖరం వైపు నుంచి, మైలు పైన చుట్టు తిరిగి. అదంతా బయల్దేరే ముందే చదవాల్సింది. ఆ డబ్బాకు డి (డిఫికల్టీ) రేటింగ్ ఐదుకు 1 ఉందని సంబరపడ్డాం గానీ, అది దాచిన తీరు ఎంత కష్టమో చెప్పేదే. నేల సంగతి టి (టెరైన్) రేటింగ్ చెబుతుంది, అది 4 ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫోన్ సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు అనేది తప్పు, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది, మ్యాప్ మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఎండకు ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది కాబట్టి కాగితం మ్యాప్ కూడా ఉండాలి. డబ్బాను పాతిపెట్టకూడదని ఆట నియమం, కాబట్టి తవ్వకండి. కాక్టస్ కోసి నీళ్లు తాగొచ్చని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు ఒక దండం, ఆ గుజ్జు తింటే వాంతులై ఒంట్లో ఉన్న నీళ్లూ పోతాయి. నీళ్లు దాచుకుంటూ గుక్కెడు గుక్కెడు తాగాలన్నదీ అంతే, దాహమైనప్పుడు తాగండి, తెచ్చుకున్నదాంట్లో సగం అయిపోతే డబ్బా ఎంత దగ్గరున్నా తిరిగి రండి. పాముల భయం ఉన్నవాళ్లను నేను ఎప్పుడూ తక్కువ చేయను, కంటికి కనిపించని రాతి సందులో చెయ్యి పెట్టకుండా కర్రతో కదిపి చూస్తే చాలావరకు జాగ్రత్త పడినట్టే.

ఆ తండ్రిగారికి రెండు మాటలు చెప్పాను. వేడి హెచ్చరిక ఉన్న రోజు వద్దే వద్దనండి, అలాంటి రోజుల్లో ఫీనిక్స్ వాళ్లు క్యామెల్‌బ్యాక్ దారులే పగటిపూట మూసేస్తారు. రెండోది, ఏ కొండ, కారు ఎక్కడ ఆపారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది కాగితం మీద రాసి అక్కడి రూమ్మేట్‌కి ఇమ్మనండి. మీరు ఇక్కడి నుంచి 911 కొడితే అక్కడికి కలవదు, టైం దాటితే ఫోన్ చేయాల్సింది ఆ రూమ్మేటే.