తాతయ్యా, ప్రభుత్వం కూడా అప్పు చేస్తుందా?

చిన్నా, బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో బుజ్జమ్మ అడిగిన ప్రశ్నకి తీరిగ్గా జవాబు రాస్తున్నాను. చేస్తుంది తల్లీ. మూలకణాల పరిశోధన కోసం మీరుండే కాలిఫోర్నియా చేసిన అప్పు గురించే చెబుతా.

మూలకణం అంటే ఇంకా ఏమవ్వాలో తేల్చుకోని కణం. ఇంటరైపోయిన కొత్తలో మీ బాబాయి లాగా. అది గుండె కండరమూ కావచ్చు, నరమూ కావచ్చు. 2001లో అధ్యక్షుడు బుష్, పిండాల నుంచి తీసే మూలకణాల పరిశోధనకు షరతు పెట్టాడు: అప్పటికే ప్రయోగశాలల్లో ఉన్న కణాల మీద పనిచేస్తేనే కేంద్రం డబ్బిస్తుందని. కాలిఫోర్నియాలో రాబర్ట్ క్లైన్ అని ఇళ్ల వ్యాపారం చేసే ఆయన ఉన్నాడు. ఆయన కొడుక్కి చిన్నప్పుడే షుగరు వచ్చింది. కేంద్రం ఇవ్వకపోతే రాష్ట్రమే ఇవ్వాలని ఆయన ముందుండి ప్రచారం నడిపాడు.

ఖజానాలో అంత డబ్బెక్కడిది? బాండ్లు అమ్మాలి. బాండంటే మన ప్రోనోటే అనుకోండి, రాసిచ్చేది ప్రభుత్వం. అక్కడ ఇలాంటి పెద్ద అప్పుకి జనం ఓటు కావాలి. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. 2004 నవంబరులో 300 కోట్ల డాలర్ల అప్పుకి నూటికి 59 మంది సరేనన్నారు. 30 ఏళ్లలో వడ్డీతో కలిపి సుమారు 600 కోట్లవుతుందని ఓటుకి ముందే లెక్క చెప్పారు. అసలెంతో వడ్డీ అంత! కోర్టు కేసుల వల్ల 2007 దాకా బాండ్లు అమ్మడమే కుదరలేదు. మీరు బొమ్మ కొన్నప్పుడు కట్టే సేల్స్ టాక్సు చేరే ఖజానా నుంచే ఆ బాకీ తీరుస్తారు.

ఏమొచ్చిందంటే, అనుకున్నంత తొందరగా మందులు రాలేదు. కానీ రోగాన్ని తట్టుకునే శక్తే లేకుండా పుట్టే పిల్లలుంటారు. లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ డొనాల్డ్ కోన్, వాళ్ల మజ్జలోని మూలకణాలు తీసి, లోపమున్న జన్యువుకి బదులు మంచిది చేర్చి, తిరిగి ఎక్కించాడు. అమెరికా, బ్రిటన్‌లలో 50 మందికి ఈ వైద్యం చేస్తే 48 మందికి ఫలించిందని 2021లో ప్రకటించారు. అందులో ఈ అప్పు డబ్బూ ఉంది.

2020లో మరో 550 కోట్లు అడిగితే 51 శాతంతో గట్టెక్కింది. బుష్ షరతుని ఒబామా 2009లోనే తీసేశాడు కదా, నేనైతే ఈ రెండోసారి కాస్త తటపటాయించేవాణ్ణి.

మా నాన్న నోటు రాసి పొలంలో బోరు వేయించాడు. దుమ్ము లేచింది. రెండోదీ అంతే. మూడోదాంట్లో నీళ్లు పడ్డాయి, ఆ ఏడు మిరప పండింది. షావుకారు మాత్రం మూడింటికీ వడ్డీ రాశాడు. ఆ నోటు చింపేనాటికి మీ నాన్న బడికి వెళ్తున్నాడు.

మీ తాతయ్య
నరసరావుపేట