ఇంజిన్ ఆయిల్ తోడే పంపు గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఇంజిన్‌లోని పాత ఆయిల్‌ను డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) దూరే రంధ్రం గుండా పైకి తోడే చిన్న కరెంటు పంపును మనమే తయారు చేసుకోవచ్చునా, దానికి ఎంత బలమైన మోటారు కావాలి అని మీరు అడిగారు. తప్పకుండా చేసుకోవచ్చును. అయితే మోటారు బలం దగ్గర ఆలోచన మొదలుపెడితే దారి తప్పుతాము. ఆయిల్ ఎంత వేడిగా ఉన్నది, గొట్టం లోపలి వెడల్పు ఎంత, అతుకులు ఎంత బిగువుగా ఉన్నాయి అనే మూడు విషయాలే ఈ పంపు పనితనాన్ని నిర్ణయిస్తాయి. అది ఎందుకో ముందు వివరించి, ఆ తరువాత తయారీకి వస్తాను.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని సంప్ అంటారు. దాని కింద ఒక డ్రెయిన్ బోల్టు ఉంటుంది. దానిని విప్పి, ఆయిల్ దానంతట అది కారిపోయేలా వదిలేయడం అందరికీ తెలిసిన పద్ధతి. పడవల్లో అమర్చిన ఇంజిన్ల అడుగుకు చేయి పట్టదు గనుక వాటిలో ఆయిల్‌ను పైనుంచి తోడటమే వాడుక. కొన్ని జనరేటర్లకూ, నేలకు బాగా దగ్గరగా ఉండే కార్లకూ ఇదే సౌకర్యంగా ఉంటుంది. వాహనం కిందికి దూరే అవసరమే లేకపోవడం ఈ పద్ధతిలోని అన్నిటికన్నా పెద్ద లాభమని నా అభిప్రాయం. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన వాహనం కిందికి, ఎంత చిన్న పనికైనా సరే, ఎవరూ వెళ్లకూడదు.

ఇక అసలు విషయం. పంపు ద్రవాన్ని లాగుతుందని మనం మాట వరసకు అంటాము గాని, ద్రవాన్ని ఏ పంపూ లాగలేదు. మీరు స్ట్రాతో పానీయం తాగేటప్పుడు నోటిలో పీడనాన్ని కొంచెం తగ్గిస్తారు. గ్లాసులోని పానీయం మీద కూర్చున్న వాతావరణం దానిని పైకి నెడుతుంది. మన పంపు చేసేదీ అంతే. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం పాస్కల్; వెయ్యి పాస్కల్ ఒక కిలోపాస్కల్). పంపు ఎంత గొప్పదైనా తన ముందున్న గొట్టాన్ని పూర్తిగా శూన్యం చేయగలదే తప్ప, శూన్యానికి మించి శూన్యం చేయలేదు గనుక, ఆయిల్‌ను నెట్టడానికి మనకు దొరికే బలం ఆ 101 కిలోపాస్కల్ దాటదు. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి పాదరసపు గొట్టంతో తేల్చి చూపించిన పరిమితి ఇదే. దీనివల్లనే పీల్చే పంపు ఏదీ నీటిని సుమారు 10.3 మీటర్లకు మించి పైకి తేలేదు. ఆయిల్ నీటికన్నా తేలిక, పైగా మనం ఎత్తవలసింది ఒక మీటరు మాత్రమే కాబట్టి ఎత్తుకు ఖర్చయ్యే పీడనం 9 కిలోపాస్కల్ కూడా ఉండదు. మిగిలినదంతా సన్నని గొట్టంలో చిక్కటి ఆయిల్ ఎదుర్కొనే రాపిడికే పోతుంది.

ఆ రాపిడికి లెక్క చెప్పినవాడు పాయిజూయ్ అనే ఫ్రెంచి వైద్యుడు. సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని ఆయన గాజు గొట్టాలతో ప్రయోగాలు చేసి, 1840ల్లో ఆ ఫలితాలను ప్రకటించాడు. దాదాపు అదే కాలంలో జర్మనీ ఇంజనీరు హాగెన్ కూడా వేరుగా అదే నియమానికి చేరుకున్నాడు. గొట్టం పొడవు రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది; ద్రవం చిక్కదనం రెట్టింపైనా అంతే. లోపలి వ్యాసం సంగతి వేరు. ప్రవాహం వ్యాసపు నాలుగో ఘాతంతో మారుతుంది గనుక, వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. డిప్‌స్టిక్ రంధ్రంలో పట్టేంత సన్నని గొట్టమే వాడాలి కాబట్టి, ఈ నాలుగో ఘాతం మనకు కలిగించే ఇబ్బంది చిన్నది కాదు.

అంకెలతో చూడండి. 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, ఒక మీటరు పొడవు ఉన్న గొట్టంలో రాపిడికి 50 కిలోపాస్కల్ కేటాయించామనుకుందాము. సాధారణమైన 15డబ్ల్యు-40 రకం ఆయిల్ 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటే సెకనుకు దాదాపు 3 మిల్లీలీటర్లు మాత్రమే వస్తుంది. 4 లీటర్లు తోడటానికి 20 నిమిషాలు దాటుతుంది. అదే ఆయిల్ 60 డిగ్రీల వద్ద 8 నిమిషాల్లోనూ, 80 డిగ్రీల వద్ద 4 నిమిషాలకు కాస్త అటూ ఇటూగానూ వచ్చేస్తుంది. మోటారూ అదే, గొట్టమూ అదే. మారినది వేడి ఒక్కటే. 80 డిగ్రీల ఆయిల్ చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది గనుక నేను మీకు 60 దగ్గర ఆగమంటాను, అదీ పక్కన పెద్దవారు ఉన్నప్పుడే. 60 డిగ్రీల ద్రవం కూడా కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలదన్న సంగతి గుర్తుంచుకుని, చేతులకు తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి.

ఇప్పుడు పంపు రకం. నీళ్లకు వాడే సెంట్రిఫ్యూగల్ పంపు ఈ పనికి రాదు. అది రెక్కలను వేగంగా తిప్పి ద్రవాన్ని విసురుతుంది. చిక్కటి ఆయిల్‌లో ఆ విసురు చచ్చిపోతుంది, పైగా ఖాళీ గొట్టంలోని గాలిని అది తోడలేదు. మనకు కావలసినది గేరు పంపు. ఒకదానిలో ఒకటి పళ్లు కలిసిన రెండు గేర్లు, వాటికి అతి దగ్గరగా అమరిన ఒక పెట్టె, ఇంతే దాని నిర్మాణం. ఆయిల్ రెండు గేర్ల నడుమ నుంచి దూరి వెళ్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పళ్ల సందుల్లో చిక్కుకుని, పెట్టె గోడ వెంబడి బయటి వైపు నుంచి చుట్టి అవతలికి చేరుతుంది. నడుమ పళ్లు కలిసిపోయి ఉండటం వల్ల వెనక్కు రావడానికి దానికి దారి దొరకదు. కవాటాలు లేవు కాబట్టి పాత ఆయిల్‌లోని మసి, మురికి వాటిలో ఇరుక్కుంటాయన్న భయమూ లేదు. ఆయిలే దానికి కందెన.

ఇంజిన్లలో ఆయిల్‌ను తిప్పడానికి ఉండేది కూడా ఎక్కువగా ఇటువంటి పంపే. పాత ఇంజిన్ నుంచి తీసినది దొరికితే వాడవచ్చును గాని, చాలా వాటికి సొంత మూత గాని, షాఫ్టు (తిరిగే ఇరుసు) దగ్గర గాలీ ఆయిలూ దూరకుండా ఆపే సీలు గాని ఉండవు. ఇంజిన్ శరీరమే వాటికి మూతగా పనిచేస్తుంది. వాటికి ప్లేటు కోసి, గాలి దూరకుండా అమర్చడం మీ వయసులో కష్టమైన పని. సీలుతో సహా దొరికే చిన్న గేరు పంపును ఎంచుకోవడం మేలు.

మోటారు విషయంలో ఒక చిన్న లెక్క మీకు ఆశ్చర్యం కలిగిస్తుంది. పీడనాన్ని సెకనుకు వచ్చే ఘనపరిమాణంతో గుణిస్తే ద్రవానికి సెకనుకు కావలసిన శక్తి వస్తుంది. 50,000 పాస్కల్‌ను, 60 డిగ్రీల వద్ద వచ్చే సెకనుకు 8 మిల్లీలీటర్లతో గుణిస్తే వచ్చేది 0.4 వాట్లు! మోటారు తీసుకునే మిగతా కరెంటంతా గేర్ల రాపిడికి, సీలు బిగువుకు, మోటారు సొంత వేడికి పోతుంది. కాబట్టి బలం కన్నా తగిన వేగాన్ని చూడాలి. కారు అద్దాన్ని తుడిచే వైపర్ మోటారు 12 వోల్టులపై నిమిషానికి సుమారు 45 నుంచి 65 చుట్లు బలంగా తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు 10 ఘన సెంటీమీటర్లు నెట్టే పంపును దానికి కలిపి 60 చుట్లు తిప్పితే నిమిషానికి 600 మిల్లీలీటర్లు అవుతుంది. 60 డిగ్రీల వద్ద మన గొట్టం ఇవ్వగలిగింది కూడా దాదాపు అంతే. పంపు ఒక్కో చుట్టుకు 1 ఘన సెంటీమీటరే నెట్టేదైతే వైపర్ మోటారు చాలదు, నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరిగే మోటారు కావాలి. గొట్టం ఇవ్వగలిగినదానికన్నా పంపును బాగా వేగంగా తిప్పితే గేర్ల ముందు శూన్యం పెరిగి, ఆయిల్‌లో కరిగి ఉన్న గాలి బుడగలుగా విడిపోయి, నురగా గరగర శబ్దమూ వస్తాయి గాని ఆయిల్ ఎక్కువ రాదు.

వైపర్ మోటారును ఎంచేటప్పుడు దాని షాఫ్టు ఒకే దిక్కుగా గుండ్రంగా తిరుగుతున్నదో లేదో చూడండి. వెనుక అద్దానికి వాడే కొన్ని మోటార్లలో షాఫ్టే ఇటూ అటూ ఊగుతుంది, అవి మనకు పనికిరావు. కొన్నిటిలో మోటారు పైతొడుగే నెగెటివ్ తీగగా పనిచేస్తుంది కాబట్టి దానిని వాహనపు ఇనుముకు తగలనీయక, మందమైన చెక్క మీద బిగించాలి. అదే చెక్క మీద పంపును ఎదురుగా పెట్టి, రెండు షాఫ్టులూ ఒకే సరళరేఖలో ఉండేలా ఎత్తు సరిచేసి, మందమైన రబ్బరు గొట్టపు ముక్కను రెండింటికీ తొడిగి క్లిప్పులతో బిగించండి. ఆ రబ్బరు చిన్నపాటి వంకరను భరిస్తుంది. పంపు ఇరుక్కుపోతే షాఫ్టు మీద జారి, గేరు పళ్లను కాపాడే అవకాశం కూడా ఉంది.

గొట్టాల దగ్గర కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే పని చెడేది ఎక్కువగా ఇక్కడే. సంప్‌లోకి దిగే సన్నని గొట్టం వేడికి మెత్తబడనిది, గట్టి గోడ ఉన్నది కావాలి. నైలాన్ గొట్టం బాగుంటుంది. దాని కొసను ఏటవాలుగా కోయండి, లేకపోతే అది సంప్ అడుగుకు ఆనుకుని తన నోటిని తానే మూసుకుంటుంది. డిప్‌స్టిక్ రంధ్రం దాటి బయటికి వచ్చిన వెంటనే 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టానికి మారండి. ఆ భాగంలో మీటరుకు రాపిడి పదహారో వంతే ఉంటుంది. సహజ రబ్బరు ఆయిల్‌లో ఉబ్బిపోతుంది గనుక ఆయిల్‌ను తట్టుకునే నైట్రైల్ రబ్బరు గొట్టం వాడండి, అదీ శూన్యానికి నొక్కుకుపోని మందంలో. పంపును ఇంజిన్‌కు వీలైనంత దగ్గరగా ఉంచి, దూరం కావాలంటే నెట్టే వైపు గొట్టాన్నే పొడిగించండి. పీల్చే వైపు ఒక్క వాతావరణమే మన ఆస్తి. నెట్టే వైపు గేర్లు ఎన్నో రెట్ల పీడనం ఇవ్వగలవు.

ఈ తేడా వల్లనే నెట్టే వైపు ఎక్కడా కొళాయి పెట్టకూడదు, గొట్టం మడత పడనీయకూడదు. దారి మూసుకుంటే గేరు పంపు ఊరుకోదు. గొట్టం ఊడి వేడి ఆయిల్ మీద పడేదాకా పీడనం పెరుగుతుంది. పీల్చే వైపు అతుకు వదులైతే మాత్రం ఒక్క చుక్క కూడా బయటికి కారదు, గాలే లోపలికి దూరుతుంది. కాబట్టి లోపాన్ని కారే మరకలను బట్టి వెతక్కండి. నెట్టే వైపు కొంత మేర పారదర్శకమైన గొట్టం వాడి, అందులో తెరపి లేకుండా బుడగలు కనబడితే వెనక్కు వెళ్లి క్లిప్పులు చూసుకోండి.

విద్యుత్తు సంగతి క్లుప్తంగా చెబుతాను. గోడ ప్లగ్గు జోలికి వెళ్లకండి, 12 వోల్టుల బ్యాటరీ చాలు. మోటారు 5 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రాకపోకలు కలిపి 6 మీటర్లున్నా నష్టపోయేది 0.35 వోల్టే. పాజిటివ్ తీగలో, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు కాపాడేది తన తరువాతి తీగనే గనుక దానిని మోటారు దగ్గర పెడితే మిగతా తీగకు రక్షణ ఉండదు. స్విచ్చి ఆపి ఉంచి క్లిప్పులు తగిలించండి, ఆపిన తరువాతే తీయండి. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, మోటారు బ్రష్‌ల (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కల) దగ్గర నిప్పురవ్వలు పుడతాయి. రెండింటినీ దూరంగా ఉంచాలి. ఆ నిప్పురవ్వల కారణంగానే ఈ పంపుతో పెట్రోలు గాని, రంగులను పలుచన చేసే థిన్నర్ గాని ఎన్నడూ తోడకూడదు.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో డబ్బాను శూన్యం చేసి ఆయిల్ తోడవచ్చునని కూడా మీరు విని ఉంటారు. సూత్రం సరైనదే, ఆయిల్ పంపులోకి రాదు గనుక శుభ్రమైనది కూడా. అయినా మీకు వద్దంటాను. దానిలోని గ్యాస్‌ను గాలిలోకి వదలకూడదు, ఇంటి కరెంటుతో పని, పైగా ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువును తట్టుకోలేని డబ్బా ఒక్కసారిగా నలిగిపోతుంది.

ఇంజిన్ మీద పెట్టే ముందు శుభ్రమైన ఆయిల్‌ను ఒక డబ్బా నుంచి ఇంకొక దానికి తోడి చూడండి. గేర్ల మధ్య కొద్దిగా ఆయిల్ పోసి మొదలుపెడితే సందులు మూసుకుని త్వరగా పీలుస్తుంది. ఆ తరువాత ఇంజిన్‌ను కాసేపు నడిపి, ఆపి, ఆయిల్ సంప్‌లోకి దిగేదాకా ఆగి, డిప్‌స్టిక్ తీసి, ఆ దారిన గొట్టాన్ని అడుగు తగిలేదాకా దించండి. గొట్టం పొడవును ముందుగా కొలిచి రాసుకుని, బయటికి తీశాక మళ్లీ కొలవండి. ఒక ముక్క లోపల ఉండిపోతే సంప్‌నే విప్పవలసి వస్తుంది. వచ్చిన ఆయిల్‌ను కొలిచి, ఇంజిన్ పుస్తకంలో రాసిన పరిమాణంతో పోల్చండి. ఫిల్టరులో కొంత ఉండిపోతుంది, దానిని వేరుగా మార్చాలి. అంతకు మించి లోటు కనబడితే, గొట్టం సంప్‌లోని పల్లపు భాగానికి చేరలేదని అర్థం. అటువంటి ఇంజిన్‌కు డ్రెయిన్ బోల్టే సరైన దారి. కొన్ని బోల్టులకు ఉండే అయస్కాంతం ఇనుప రజనును పట్టి, ఇంజిన్ అరుగుదలను మనకు చూపుతుంది. ఆ వార్త పైనుంచి తోడే పంపు చెప్పదు కాబట్టి అప్పుడప్పుడు బోల్టు కూడా విప్పించి చూడటం మంచిది.

పాత ఆయిల్ చర్మానికి మంచిది కాదు, నేలకూ నీటికీ అసలే కాదు. మూత ఉన్న డబ్బాలో పోసి, అందులో పెట్రోలు గాని కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గాని కలపకుండా, తిరిగి శుద్ధిచేసేవారికి చేరవేయండి. పంపులో మిగిలిన ఆయిల్‌ను అలాగే ఉంచి రెండు నోళ్లకూ మూతలు బిగిస్తే గేర్లు తుప్పు పట్టవు.

డబ్బాల పరీక్షలో ఆయిల్ ఎన్ని డిగ్రీలున్నప్పుడు మొదటి లీటరుకు ఎంత సమయం పట్టిందో రాసి పంపండి. మీ గొట్టం కొలతలు కూడా తెలిపితే, పాయిజూయ్ లెక్కకు అది ఎంత దగ్గరగా ఉన్నదో చూసి జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య