ఎరుపు ఎక్కడిది? సహజ మేకప్‌ను చదివి ఎంచుకోవడం

రెండు ఎర్రటి లిప్‌స్టిక్‌లను పక్కపక్కన పెట్టి, వాటి పెట్టెల వెనుక ఉన్న చిన్న అక్షరాలను చదివితే, ఒకదానిపై రంగును గుర్తించే సంఖ్యగా సీఐ 75470 అనీ, మరొకదానిపై సీఐ 15850 అనీ కనిపించవచ్చు. మొదటి సంఖ్య కార్మైన్‌ది. నాగజెముడు మీద బతికే కోచినీల్ అనే చిన్న పురుగులను ఎండబెట్టి, వాటిలోని కార్మినిక్ ఆమ్లాన్ని రాబట్టి, అల్యూమినియం లవణంతో స్థిరపరిస్తే ఆ రంగు తయారవుతుంది. రెండోది పెట్రోలియం నుంచి వచ్చే ముడిపదార్థాలతో కర్మాగారంలో తయారయ్యే ఎరుపు. ‘సహజం’ అన్న మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే మొదటిదే సహజం. కానీ జంతుసంబంధమైనదేదీ వద్దనుకునేవారు రెండోదాన్నే ఎంచుకోవలసి వస్తుంది. కార్మైన్ కొద్దిమందిలో తీవ్రమైన ఎలర్జీని కలిగిస్తుంది గనుక, లేబుల్‌పై దాని పేరు స్పష్టంగా రాసి తీరాలన్న నిబంధనను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011 నుంచి అమలు చేస్తోంది. పుట్టుక సహజమైనంత మాత్రాన పదార్థం అందరి ఒంటికీ పడుతుందని చెప్పలేమనడానికి ఈ ఒక్క ఎరుపే చాలు.

అసలు ‘సహజం’ అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం ఏమిటని చూస్తే, అమెరికాలో సౌందర్య సాధనాలకు సంబంధించి అలాంటి నిర్వచనమే లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2016, 2017 సంవత్సరాల్లో రెండు భాగాలుగా వెలువరించిన ఐఎస్ఓ 16128 అనే మార్గదర్శకం ఒక్కో ముడిపదార్థంలో సహజమూలం ఎంత శాతమో లెక్కగట్టే పద్ధతిని మాత్రం ఇచ్చింది. ఆ పద్ధతిలో నీటిని కూడా సహజమూలంగానే లెక్కించవచ్చు. ఫౌండేషన్ వంటి ద్రవరూప ఉత్పత్తుల్లో తరచుగా నీరే పెద్ద భాగం కాబట్టి, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే శాతంలో చాలా వంతు కుళాయి నుంచి వచ్చినదే కావచ్చు. దీనికన్నా గట్టి కొలబద్ద కాస్మోస్ వంటి ధ్రువీకరణ ముద్ర. ఏ ముడిపదార్థాలను వాడవచ్చో, వాటిని ఏ ప్రక్రియలతో తయారుచేయవచ్చో జాబితా కట్టి, బయటి సంస్థలతో తనిఖీ చేయించాకే ఆ ముద్ర ఇస్తారు. అయినా, ఆ ముద్ర ప్రధానంగా మూలం గురించీ తయారీ విధానం గురించీ హామీ ఇస్తుందే తప్ప, మీ చర్మానికి ఏది పడుతుందో ఏది పడదో చెప్పదు.

ఫౌండేషన్లకూ ఐషాడోలకూ గోధుమ, పసుపు, నలుపు ఛాయలనిచ్చే ఐరన్ ఆక్సైడ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. ఇవి నేలలో దొరికేవే. మనిషి గుహల గోడలకు పూసిన జేగురు రంగు వీటి సోదరే. అయితే భూమిలోంచి తవ్వి తీసిన ఖనిజంతో పాటు సీసం, ఆర్సెనిక్, పాదరసం వంటివి కూడా కలిసి వస్తాయి. అందుకే మేకప్‌లో వాడే ఐరన్ ఆక్సైడ్లు కర్మాగారంలో తయారైనవే అయి ఉండాలని అమెరికా నిబంధనలు చెబుతున్నాయి. వాటిలో సీసం పది లక్షల భాగాలకు 10 భాగాలకూ, ఆర్సెనిక్, పాదరసం ఒక్కొక్కటి 3 భాగాలకూ మించకూడదు. ‘మినరల్ మేకప్’ అని పేరున్న డబ్బాలోని రంగు గని నుంచి రాలేదని తెలిస్తే కొందరికి నిరాశ కలగవచ్చు. నాకు మాత్రం అది ఊరటగానే అనిపిస్తుంది. మెరుపు కోసం కలిపే అబ్రకానిది మరో కథ. గని నుంచి వచ్చే అబ్రకంలో కొంత భాగాన్ని బాలకార్మికుల చేత ఏరించినట్టు వెలుగులోకి వచ్చాక, కొన్ని సంస్థలు ప్రయోగశాలలో తయారైన కృత్రిమ అబ్రకమైన ఫ్లోర్‌ఫ్లోగోపైట్‌కు మారాయి. అంటే కొన్నిచోట్ల కృత్రిమ పదార్థమే శుభ్రమైనదీ, న్యాయమైనదీ కూడా కావచ్చు. చర్మాన్ని మృదువుగా ఉంచే స్క్వాలేన్‌ను ఒకప్పుడు ప్రధానంగా సొరచేపల కాలేయం నుంచి తీసేవారు. ఇప్పుడు ఆలివ్ నుంచీ, చెరకు చక్కెరను పులియబెట్టీ కూడా తయారుచేస్తున్నారు. అణువు మాత్రం అన్నిటిలోనూ ఒకటే.

ఇక అసలు పేచీ ఉత్పత్తి చెడిపోకుండా కాపాడే ప్రిజర్వేటివ్‌లతోనే. నీరు ఉన్నచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. మస్కారా కుంచె రోజూ కనురెప్పలను తాకి తిరిగి ఆ గొట్టంలోకే వెళుతుంది. సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా కంటి ముందుపొర అయిన కార్నియాకు సోకితే చూపుకే ముప్పు రావచ్చు. కాబట్టి ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అన్న మాట నీళ్లు లేని పొడి విషయంలో నమ్మదగినదే గానీ, మస్కారా మీద కనిపిస్తే అనుమానించవలసినదే.

ఈ విషయంలో పారాబెన్లు అనే ప్రిజర్వేటివ్‌ల చరిత్ర ఒక పాఠం. 2004లో బ్రిటన్ పరిశోధకులు 20 రొమ్ము కణితుల నమూనాల్లో పారాబెన్లు ఉన్నట్టు ప్రకటించారు. ఆ అధ్యయనంలో పోల్చి చూడడానికి ఆరోగ్యకరమైన కణజాలం లేదు. పారాబెన్ల వల్లనే కణితి వచ్చిందని కూడా అది చెప్పలేదు. అయినా భయం పాకిపోయింది. యూరోపియన్ యూనియన్ 2014లో తగినంత సమాచారం లేని అయిదు పారాబెన్లను నిషేధించి, ప్రొపైల్, బ్యూటైల్ రకాల పరిమితిని తగ్గించి, మిథైల్, ఇథైల్ రకాలను ఒక్కొక్కటి 0.4 శాతం వరకు వాడనిచ్చింది. ఈలోగా ‘పారాబెన్ రహితం’ అన్న ముద్ర కోసం చాలా సంస్థలు మిథైల్ ఐసోథయాజొలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్ వైపు మళ్లాయి. ఫలితంగా చర్మవైద్యుల దగ్గరకు ఎలర్జీతో వచ్చేవారు ఎంతగా పెరిగారంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని ఆ ఏటి ఎలర్జీకారకంగా ప్రకటించింది. కడిగేయకుండా ఒంటి మీద ఉంచుకునే ఉత్పత్తుల్లో దాన్ని వాడకూడదన్న నిబంధన యూరప్‌లో 2017లో అమల్లోకి వచ్చింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లకు ‘ఎలర్జీ కలిగించనిది’ అన్న కితాబునిచ్చింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడడమంటే ఇదే.

ద్రాక్షపండు కాని ద్రాక్షపండు, అంటే నిమ్మజాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ గింజల సారం గురించి కూడా చెప్పాలి. సూక్ష్మజీవులను చంపే సహజ పదార్థంగా దానికి మంచి పేరుండేది. 1999లో జర్మనీ పరిశోధకులు అంగట్లో దొరికే ఆరు రకాలను పరీక్షిస్తే, అయిదింటిలో బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ క్రిమినాశకం బయటపడింది. ఏ ప్రిజర్వేటివూ కలవని ఆరోదానికి సూక్ష్మజీవులను ఆపే శక్తే లేదు. సహజమని నమ్మి కొన్న గుణం కల్తీదని తేలింది. సహజ ధ్రువీకరణ ఉన్న ఉత్పత్తుల్లో నిజాయితీగా కనిపించే ప్రిజర్వేటివ్‌లు సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ వంటివి. అవి కాస్త ఆమ్లగుణమున్న మిశ్రమంలోనే బాగా పనిచేస్తాయి గనుక, వాటిని వాడే తయారీదారుకు ఆమ్లత మీద పట్టుండాలి.

సువాసన విషయంలో ‘సహజం’ అన్న మాట మరింత తప్పుదోవ పట్టిస్తుంది. లావెండర్ నూనెలోని లినలూల్, నారింజ నూనెలోని లిమొనీన్ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయకపోయినా, గాలి తగిలి ఆక్సీకరణం చెందితే ఎలర్జీని కలిగించే హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. మూత తీసి నెలల తరబడి వాడే డబ్బాలో జరిగేది ఇదే. బెర్గమాట్ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. ఎండ తగిలితే అది చర్మాన్ని కాల్చి మచ్చలు మిగల్చగలదు. ఎలర్జీ కలిగించే 26 సువాసన పదార్థాలను పేరుపేరునా లేబుల్‌పై చూపాలని కోరుతూ వచ్చిన యూరోపియన్ యూనియన్, 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచింది. చర్మంపై నిలిచే ఉత్పత్తిలో అవి 0.001 శాతం దాటితే చాలు, పేరు రాయాలి. సున్నితమైన చర్మం గలవారికి నా సలహా ఒక్కటే: సువాసన మొక్క నుంచి వచ్చినా సీసాలో పుట్టినా, కళ్ల దగ్గరా పెదవుల మీదా అది లేనిదే మేలు.

పదార్థాల జాబితాను చదవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ఎక్కువ పరిమాణంలో ఉన్నది ముందు, తక్కువది తర్వాత అన్న వరుస ఒక శాతం వరకే తప్పనిసరి. అంతకన్నా తక్కువున్న వాటిని తయారీదారు తనకు తోచిన క్రమంలో రాసుకోవచ్చు. యూరప్‌లో ప్రిజర్వేటివ్‌గా వాడే ఫినాక్సీ ఇథనాల్‌కు గరిష్ఠ పరిమితి ఒక శాతం కాబట్టి, జాబితాలో ఆ పేరు కనిపించిన చోటును సరిహద్దు రాయిగా భావించవచ్చు. పెట్టె ముందు బొమ్మ వేసి మరీ పొగిడిన మొక్క సారం ఆ రాయికి అవతల ఉంటే, అది ఒక శాతానికి లోపే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అలాగని కృత్రిమమైనదంతా మంచిదన్న తీర్పు కూడా సరికాదు. అమెరికా, కెనడాల్లో అమ్ముడయ్యే 231 ఉత్పత్తులను పరీక్షించి 2021లో వెలువరించిన ఒక అధ్యయనంలో సగానికి పైగా వాటిలో ఫ్లోరిన్ ఎక్కువగా కనిపించింది. ప్రకృతిలో ఎంతకీ విచ్ఛిన్నం కాని పీఎఫ్ఏఎస్ రసాయనాల జాడకు అది సూచన. నీటికి చెదరని మస్కారాలూ, రోజంతా నిలిచే పెదవి రంగులూ అందులో ముందున్నాయి. జాబితాలో ‘పీటీఎఫ్ఈ’ అనో, ‘పర్‌ఫ్లోరో’ అన్న ముక్కతోనో పేర్లుంటే నేను పక్కన పెడతాను. పదార్థం ఏ దారిన లోపలికి వెళుతుందన్నదీ ముఖ్యమే: తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ క్రీములో ఉంటే చర్మం మీదే నిలుస్తుంది, కానీ మెత్తని పొడిగా గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం వేరే సంగతి. అదే రంగు కావాలనుకుంటే వదులు పొడి కన్నా అదిమిన బిళ్ల నయం.

ఇక సంస్థను ఎంచుకోవడమంటే, అది ఏమేమి వాడలేదో చెప్పే జాబితాను వదిలి, ఏమేమి వాడిందో పూర్తిగా చెబుతోందా అని చూడడమే. ‘రసాయనాలు లేవు’ అని రాసిన సంస్థకు నీరు కూడా రసాయనమేనని తెలియదనుకోవాలి, లేదా మనకు తెలియదని అది అనుకుంటోందనుకోవాలి. సువాసన భాగాలను విడివిడిగా చూపడం, బ్యాచ్ సంఖ్య వేయడం, మూత తీశాక ఎన్ని నెలలు వాడవచ్చో తెరిచిన డబ్బా గుర్తుతో తెలపడం మంచి లక్షణాలు. కొన్నాక కూడా ముఖానికి నేరుగా పూయకుండా, ముంజేతి లోపలివైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం నుంచి పది రోజులు రాసి చూడమని చర్మవైద్యులు చెబుతారు. ఎలర్జీ తరచుగా ఆలస్యంగా బయటపడుతుంది. ఇంకా సందేహం మిగిలితే సంస్థకే ఒక ప్రశ్న రాసి పంపవచ్చు: మీ మస్కారాలో సూక్ష్మజీవులు పెరగకుండా ఆపేది ఏది, రంగుల్లో సీసం ఎంతుందో ప్రతి బ్యాచ్‌లోనూ పరీక్షిస్తారా? పదార్థం పేరూ, అంకెలూ ఉన్న జవాబు వస్తే ఆ డబ్బా కొనవచ్చు. పూలూ, ప్రకృతీ, తరతరాల రహస్యమూ అంటూ జవాబు వస్తే దాన్ని అరలోనే వదిలేయవచ్చు.